లెక్కకు రాని వెండి

(దశలక్షణ పర్వములో ఉత్తమ ఆకించన్య దినమున చేసిన ప్రసంగము)



ఈ దినమున మాట్లాడుమని సంఘము పెద్దలు నన్ను అడిగినప్పుడు నేను వద్దన్నాను. క్షమను గురించో, సత్యమును గురించో అయితే పెద్దల మాటలు నాలుగు పోగుచేసి చెప్పవచ్చును. ఆకించన్యమును గురించి, అనగా నాది అనదగినది నాకేమియు లేదు అను ధర్మమును గురించి, అద్దాల బీరువా గల బట్టల వర్తకుడు ఏమి చెప్పగలడు? హైస్కూలు దాటి చదివినవాడను కాను. అయితే పెద్దలలో ఒకరు నవ్వి, "ఆ బీరువా సంగతే చెప్పవయ్యా" అన్నారు. ఆ మాట నన్ను పట్టుకొన్నది. కనుక ఈ రోజు నా బీరువా సంగతి చెప్పుకొంటాను. అందులో ధర్మము ఎక్కడ తప్పినదో మీకే తెలుస్తుంది.

మనది చిన్న సంఘము. బరంపురములో మనము దిగంబరులము, శ్వేతాంబరులము అను తేడా పెట్టుకొనక రెండు పర్వములును కలిసి చేసికొంటున్నాము. అందుచేత నా మాటలలో రెండు సంప్రదాయముల కథలును వస్తాయి. పండితులు మన్నించగలరు.

1998లో నేను సరకు బాకీల వసూలుకు కటకము వెళ్ళినాను. పని ముగించుకొని రైలుకు ఇంకను వేళ ఉన్నదని నయాసడక్ వీధిలో తిరుగుచుంటే, ఒక అంగడిలో అరచేతి వెడల్పు కోణార్క చక్రము కనబడినది. వెండి తీగతో చేసినది. వెనుక దీపము పెట్టితే ఆకులలోనుంచి వెలుగు జల్లెడపట్టినట్లు పడినది. ఆనాడు కిలో వెండి తొమ్మిదివేల రూపాయల లోపే. బేరమాడి కొన్నాను. ఇంటికి వచ్చి కూడా నిద్రలేచి రెండుసార్లు చూచుకొన్నాను. అట్లా మొదలయినది.

ఈ పనిని అక్కడ తారకసి అంటారు. మన తెలుగువారిలో కరీంనగరములో ఇదే తీరు పని ఉన్నది. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చులో పెద్ద బెజ్జమునుండి చిన్న బెజ్జమునకు లాగుచు పోతారు. చివరకు తీగ తలవెండ్రుకవలె అవుతుంది. రెండు తీగలను మెలిపెట్టి చదును చేస్తారు. అప్పుడు దాని అంచున సన్నని పళ్ళు కనబడుతాయి. ముందు లావుపాటి తీగతో ఆకారము కట్టి, లోపల ఈ సన్నతీగను చిన్న చిన్న చుట్టలుగా చుట్టి పట్టకారుతో ఒక్కొక్కటే కూర్చుతారు. వెలిగారము, అతుకుపొడి చల్లి, ఊదుగొట్టముతో మంటను ఆ అతుకు మీదికి మళ్ళిస్తారు. మంట ఒక్క రవ్వ ఎక్కువైతే వారము రోజుల పని ముద్ద కట్టుతుంది. ఇంత ఎందుకు చెప్పుచున్నాననగా, ఈ పనిని దగ్గర కూర్చుండి చూచినవానికి దానిమీద ప్రేమ కలుగకుండా ఉండదు. ప్రేమ కలుగుట తప్పని నేను ఇప్పటికీ అనను. చిక్కు అక్కడినుండి మొదలగుచున్నది.

1999 చాతుర్మాస్యములో ఒక ముని మహారాజ్ సన్నిధిని నేను పరిగ్రహ పరిమాణ వ్రతము తీసికొన్నాను. గృహస్థునకు సర్వత్యాగము చెప్పలేదు. మేర పెట్టుకొమ్మన్నారు. ఉపాసకదశాంగములో ఆనందశ్రావకుని కథ మీరు విన్నదే. వాణిజ్యగ్రామములోని ఆ వర్తకుడు మహావీరస్వామి ఎదుట నిలిచి, నిధిలో నాలుగు కోట్లు, వడ్డీలో నాలుగు కోట్లు, ఇంటి సంపదలో నాలుగు కోట్లు, పదేసి వేల ఆవుల మందలు నాలుగు, అయిదువందల నాగళ్ళు, ఇంతే, ఇంతకు మించి వద్దు అన్నాడు. చిన్నప్పుడు ఈ కథ విని, అంత ఉంచుకొన్నవానిది వ్రతమేమిటి అని నవ్వుకొన్నాను. వయసు వచ్చిన తరువాత తెలిసినది. అతడు తన దగ్గర ఏమున్నదో ఒక్కొక్కటే పేరుపెట్టి పైకి చెప్పినాడు. మనలో ఎందరము చెప్పగలము? ఆదాయపు పన్నువారికి చెప్పేది ఒకటి, ఆడపిల్లను ఇచ్చేవారికి చెప్పేది ఒకటి, అన్నదమ్ములకు చెప్పేది ఇంకొకటి.

సరే, నేను ఇల్లు ఇంత, బంగారము ఇంత, వెండి మూడు కిలోలు అని నోటుబుక్కులో వ్రాసి మహారాజ్ ముందు చదివినాను.

మూడు కిలోలు చాలా పెద్ద లెక్క అనిపించినది. ఇంటిలో కంచాలు, గ్లాసులు, కుందులు, పూజాసామగ్రి కలిపి రెండు కిలోల ఏడువందల చిల్లర ఉన్నవి. ఇక మిగిలినది పావుకిలో పైచిలుకు. ఆ పావుకిలోలో చక్రము ఒకటి పట్టినది. తరువాత ఒక బోయిత పడవ వచ్చినది. కార్తిక పూర్ణిమనాడు ఒడిశావారు నీటిలో వదలే పడవ ఆకారము అది. ఆ తరువాత ఏనుగు, పల్లకి, అర్జునుని రథము. ప్రతిసారియు నాలో ఒక గుమాస్తా లేచి సమాధానము వ్రాసేవాడు. "వ్రతములో చెప్పినది వెండిని గురించి. ఇది కళ." "ఇది నీది కాదు, పెద్దవాడి పేరుమీద కొన్నావు." "ఇది పెండ్లిలో ఇచ్చుటకు తెచ్చినది, ఇంకను పెండ్లి కుదరలేదు, అంతే." అరలు నిండుచున్నవి. నోటుబుక్కులో మూడు కిలోలు మూడు కిలోలుగానే ఉన్నవి.

మన పూర్వాచార్యులకు వర్తకుల బుద్ధి బాగా తెలుసును. తత్త్వార్థసూత్రములో ఈ వ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో వెండి బంగారముల మేర దాటుట పేరుపెట్టి చెప్పినారు. పన్నెండవ శతాబ్దిలో హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో ఇంకను లోపలికి పోయినారు. మేర దాటనట్లే కనబడుచు దాటేవాడు ఏ ఏ దారులు తొక్కుతాడో ఆయన విడదీసినారు. ఇండ్లు, పొలములు అయితే నడిమి గోడ, గట్టు తీసి రెండింటిని ఒకటి చేస్తాడు. గిన్నెలు, చెంబులు అయితే పది కరిగించి అయిదు పెద్దవి చేయించి సంఖ్య సరిపెట్టుతాడు. వెండి బంగారములు అయితే? ఇంకొకరి చేతిలో పెట్టుతాడు. ఇది మొదటిసారి విన్నప్పుడు నా చెవులు వేడెక్కినవి. పెద్దవాడి పేరుమీద కొన్న ఏనుగు కళ్ళముందర నిలిచినది. ఎనిమిదివందల ఏండ్లకు పైబడిన మాట, నా బీరువా తలుపు తెరచి చూచి వ్రాసినట్లున్నది.

అయినను అప్పుడే మానలేదు. విన్నంతమాత్రాన మానేవాడను అయితే ఈ ప్రసంగము అవసరముండేది కాదు.

2011లో బంధువుల పెండ్లికి కరీంనగరము పోయినాను. అక్కడి వెండి తీగపనికి 2007లోనే భౌగోళిక గుర్తింపు వచ్చినది. కటకము తారకసికి 2024లో వచ్చినది. అక్కడ నెమలి ఆకారపు అత్తరుదాని ఒకటి చూచినాను. పింఛము విప్పలేదు, ముడుచుకొని వెనుకకు వాలినది. మెడ వంపు చూస్తే ఇప్పుడే అరుపు వినబడునేమో అన్నట్లున్నది. రెండువందల పన్నెండు గ్రాములు. బేరము కూడ ఆడలేదు. కాగితములో చుట్టి చంకలో పెట్టుకొన్నాను.

మరునాడు బంధువులు, మీరు జైనులు కదా, చూడవలసిన చోటున్నదని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టకు తీసికొని పోయినారు. ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దిలో అక్కడ బండమీద తీర్థంకరుల బొమ్మలను, చక్రేశ్వరీదేవిని చెక్కించినాడు. క్రింద శాసనము వేయించినాడు. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలలో. అందులో తెలుగు కందపద్యములు మూడున్నవి. మన భాషలో దొరికిన బహు పాత కందములలో అవి లెక్కకు వస్తాయి. తెలుగులో పద్యము కండ్లు తెరచుచున్న కాలమున ఒక జైనుడు దానిని జినుని పాదముల దగ్గర పెట్టినాడన్నమాట. ఆ సంగతి మన పిల్లలకు ఎందరికి తెలుసును?

చంకలో నెమలి, ఎదురుగా బండ. ఆ బొమ్మలకు తలుపు లేదు, తాళము లేదు. వెయ్యేండ్లకు పైగా ఎండలో, వానలో నిలిచి ఉన్నవి. గొర్రెల కాపరి చూచినాడు, దారిన పోయేవాడు చూచినాడు. జినవల్లభుడు డబ్బు పెట్టినాడు గాని, ఆ బొమ్మలను ఇంటికి తీసికొని పోయే వీలు లేకుండ చెక్కించినాడు. నేను కూడ డబ్బు పెట్టినాను. నా నెమలిని నేను తలుపు తీస్తేనే ఎవరైనను చూడవలెను. ఈ తేడా ఆనాడు బండ ముందర నిలుచున్నంతసేపు తెలిసినది. బస్సు ఎక్కిన తరువాత నెమలి మెడ విరుగలేదు కదా అని కాగితము విప్పి చూచుకొన్నాను.

ఇక పెద్ద తప్పు చెప్పవలెను. 2014లో నాకు సమవసరణము చేయించవలెనని కోరిక పుట్టినది. కటకములో ఒక వృద్ధ శిల్పికి పని ఒప్పగించినాను. ఆయన నాలుగు నెలలు చేసినాడు. మూడు ప్రాకారములు, నాలుగు ద్వారములు, నడుమ అశోకవృక్షము. ఆకులు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టలేకపోయినాను. తూకము ఒక కిలో ఎనిమిదివందల యాభై గ్రాములు. మజూరీ దగ్గర నేను, "తాతా, ఇది దేవుని పని కదా, కొంచెము చూచి వేయండి" అన్నాను. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని ఒడియాలో, "దేవుని పని అయితే నా కళ్ళు తక్కువ అరుగుతాయా బాబూ?" అన్నాడు. నేను నవ్వి, అనుకొన్నదానికి పద్దెనిమిదివేలు తగ్గించి ఇచ్చి వచ్చినాను. వెండి ధరలో ఒక్క పైస తగ్గించమని అడుగలేదు, గమనించండి. వెండి ధర పత్రికలో పడుతుంది. కళ్ళ ధర ఏ పత్రికలోను పడదు.

ఆ సమవసరణమును లెక్కలో వేయలేదు. అది దేవుని సొత్తు కదా! ఉన్నది మాత్రము మా ముందుగదిలో, వచ్చినవారికి కనబడేచోట.

జినబింబము సంగతి కూడ ఒక మాట. ఒకసారి ఒక వ్యాపారి చిన్న వెండి పార్శ్వనాథ విగ్రహము తెచ్చినాడు. పాతది. ముఖము అరిగి నునుపెక్కినది. అనగా ఎన్ని తరములో అభిషేకము చేసిన విగ్రహము. ఎక్కడిది అంటే, అడుగవద్దన్నాడు. వంద సంవత్సరములు దాటిన శిల్పమును 1972 చట్టము ప్రకారము ప్రభుత్వము వద్ద నమోదు చేయించవలెను. ఆ భయముచేత తిరిగి ఇచ్చినాను. ధర్మముచేత కాదు, భయముచేత. తరువాత ఖండగిరి ఉదయగిరులకు పోయినప్పుడు హాథీగుంఫా శాసనము క్రింద నిలిచి ఆ సంగతి తలచుకొన్నాను. నందరాజు కళింగజినుని ఎత్తుకొని పోయినాడు. ఎన్నో ఏండ్ల తరువాత ఖారవేలుడు తన పన్నెండవ పాలనవర్షములో మగధను గెలిచి తిరిగి తెచ్చినాడని అక్కడ చెక్కి ఉన్నది. ఒకరి దేవుడు ఇంకొకరి ఇంటిలో వస్తువు అయితే, ఆ ఊరు ఎన్ని తరములైనను మరువదు. ఎవరైనను పాత వెండి విగ్రహము తెచ్చి చవకగా ఇస్తానంటే, మన సంఘములో ఎవ్వరును చేయి చాచవద్దు. ఇది నేను అందరి ఎదుట చేతులు జోడించి అడుగుచున్నాను.

2023లో ఇదే ఆకించన్య దినమున లెక్క బయటపడినది. సాయంకాలము మా ఆవిడ వంటింటి కాటా తెచ్చి బీరువా ముందర పెట్టినది. "ఏమండీ, మహారాజ్ ఎదుట చదివిన నోటుబుక్కు ఉన్నది కదా, ఒక్కసారి తూచి చూద్దాము" అన్నది. నేను సమవసరణము తీయబోతే, "అది దేవుడిది కదా, దేవుడిదైతే గుడిలో ఉండాలి. మన ముందుగదిలో ఉన్నది మనదే" అన్నది. నాకు జవాబు లేకపోయినది. ఇన్నేండ్లు నాలో కూర్చున్న గుమాస్తాకు కూడ లేకపోయినది. మొత్తము ఏడు కిలోల రెండువందల అరువది గ్రాములు తేలినది. మూడు అని చదివినవాడను.

కరిగించితే పనితనము నశించును. వెండి తీగబొమ్మను అమ్మబోతే అంగడివాడు అతుకు తరుగు తీసి లోహపు ధర మాత్రమే ఇస్తాడు, ఆ మనిషి నెలల పని గాలికి పోతుంది. నిజమే. ఈ నిజమునే ఆసరాగా పట్టుకొని నేను ఏమియు వదలక కూర్చున్నాను. కళను కాపాడుచున్నానని నాకు నేను చెప్పుకొన్నాను. కాని బొమ్మను చెడగొట్టుట వేరు, బొమ్మను విడుచుట వేరు. చెడకుండ విడుచుటకు దారులు లేకపోలేదు.

సమవసరణమును మన పాఠశాలకు ఇచ్చినాను. అది ప్రతిష్ఠ చేసిన బింబము కాదు గనుక పిల్లలు దగ్గరకు వచ్చి చూడవచ్చునని పెద్దలు ఒప్పుకొన్నారు. శ్వేతాంబర గ్రంథముల ప్రకారము అందులో వెలుపలి ప్రాకారము వెండిది, నడిమిది బంగారముది, లోపలిది రత్నములది. వచ్చినవారు వాహనములను ఆ వెలుపలి వెండి ప్రాకారము దగ్గరనే విడిచి లోపలికి పోవలెను. మొన్న ఒక చిన్నపిల్ల, "తాతగారూ, అన్నీ వెండితోనే చేయించారేం?" అని అడిగినది. నేను చెప్పలేదు. నేను వెండి గోడ దాటలేదమ్మా అని చెప్పవలసినది.

చక్రము, పడవ, ఏనుగు మొదలైనవి తొమ్మిది, రెండు కిలోల నాలుగువందల డెబ్బది గ్రాములు. వానిని విరువక, కరిగించక, పని విలువ తెలిసినవారికి మజూరీతో కలిపి అమ్మినాను. ఆ సొమ్ములో ముందుగా పద్దెనిమిదివేలు పట్టుకొని కటకము పోయినాను. వృద్ధ శిల్పి ఉన్నాడు. చూపు తగ్గినది, పని మానినాడు. కొడుకు సెల్‌ఫోన్ల అంగడిలో ఉద్యోగము చేయుచున్నాడు. డబ్బు ఎందుకో చెప్పినాను. లెక్కపెట్టుకొని, "వడ్డీ ఎంత వేసికొన్నారు సాహుకారూ?" అని నవ్వినాడు. నేను వడ్డీ వేయలేదు! బాకీల వసూలులో రోజులతో సహా వడ్డీ లెక్కకట్టేవాడను. ఆ రాత్రి సత్రములో కూర్చుండి తొమ్మిదేండ్లకు లెక్కకట్టి, తెల్లవారి తీసికొనిపోయి ఇచ్చినాను. తీసికొన్నాడు. మిగిలినది పాఠశాలకు చేరినది.

వెండి ఎందుకు నల్లబడుతుందో చెప్పి ఈ సంగతి ముగిస్తాను. గాలిలోని గంధకపు అంశము పైన పట్టి వెండి నల్లనౌతుంది. నలుపు వెండి లోపలినుండి పుట్టినది కాదు, బయటినుండి వచ్చి చేరినది. మన శాస్త్రములలో ఆస్రవము అన్నది ఇట్టిదే అని నాకు తోచును. ముందు గాలి తగులకుండ చుట్టిపెట్టవలెను, అది సంవరము. పిమ్మట పట్టిన నలుపును తీయవలెను, అది నిర్జర. తెలియనివారు ముందుగా తోముటకు పూనుకొంటారు. తీగపనిని ముగ్గుపిండితో గట్టిగా తోమితే నలుపుతోపాటు పళ్ళును అరిగిపోతాయి. కుంకుడు రసములో నానబెట్టి మెత్తని కుంచెతో ఓపికగా తీయవలెను. తపస్సులో తొందరపడేవారిని చూచినప్పుడు నాకు ఇది జ్ఞాపకము వస్తుంది.

శ్వేతాంబరులలో భరత చక్రవర్తి కథ ఉన్నది. అద్దాల మేడలో నిలిచి తన్ను తాను చూచుకొనుచుండగా వ్రేలి ఉంగరము జారిపడినది. ఆ వ్రేలు వెలవెలబోయినది. ఈ సొగసు నాది కాదా అని ఒక్కొక్క నగయు తీసి చూచుకొని అక్కడే కేవలజ్ఞానము పొందినాడు. మా బీరువాలో ఒక్కొక్క అర ఖాళీ అగుచుంటే నేను కూడ చూచినాను. చెక్క, అద్దము, కొంచెము దుమ్ము. కేవలజ్ఞానము కాదు గదా, ఆ రాత్రి మంచి నిద్ర పట్టినది. నాకు అదే చాలును.

ఇప్పుడు లెక్క చెప్పుచున్నాను. కంచములు, గ్లాసులు, పూజాసామగ్రి రెండు కిలోల ఏడువందల ఇరువది ఎనిమిది. నెమలి రెండువందల పన్నెండు. మొత్తము రెండు కిలోల తొమ్మిదివందల నలుబది. మేరలోనే ఉన్నది. 2025లో వెండి కిలో లక్ష రూపాయలు దాటినప్పుడు తొమ్మిదిటిని తొందరపడి అమ్మితివే అని స్నేహితులు ఎగతాళి చేసినారు. దానికి బాధపడలేదు. కాని నెమలిని ఇవ్వమని ఇద్దరు అడిగినారు, ఇద్దరికిని ఏదో సాకు చెప్పినాను. మేర దాటలేదు గనుక వ్రతము చెడలేదని నాలోని గుమాస్తా మళ్ళీ వ్రాయుచున్నాడు. పరిగ్రహము వస్తువులో లేదు, దానిపై పెట్టుకొన్న మూర్ఛలో ఉన్నదని ఉమాస్వామివారు తేల్చినది వానికి తెలియక కాదు.

ఖాళీ అరలలో మా ఆవిడ పాఠశాల పిల్లల పుస్తకములు సర్దినది. నెమలి ఉన్న అరను మాత్రము ఆమె కదలించలేదు. మొన్న అది నల్లబడినదని కుంకుడు రసములో నానబెట్టి, కుంచెతో మెల్లగా తీసి, ఆరబెట్టి, మళ్ళీ అక్కడే పెట్టినాను.